పీటల మీద కూర్చునే పెళ్లికూతురికి పట్టుచీర కట్టడం ఎలా

మా ఇళ్లల్లో ఎవరి పెళ్లైనా తెల్లవారుజామున మూడింటికి లేపేది నన్నే. నేనేం కోర్సు చేయలేదు, పార్లరూ లేదు. పిన్నులకీ వదినలకీ వాళ్ల పిల్లలకీ కట్టీ కట్టీ చెయ్యి తిరిగింది, అంతే. చీర కట్టే వీడియోలు ఆన్‌లైన్‌లో బోలెడున్నాయి, కొన్ని చాలా బావుంటాయి కూడా, కాకపోతే వాటిల్లో అమ్మాయి చీర కట్టుకుంటుంది, నిలబడుతుంది, ఒకసారి గిర్రున తిరుగుతుంది, అయిపోతుంది. మన పెళ్లికూతురి సంగతి అలా కాదు కదా. గౌరీపూజ దగ్గర కూర్చుంటుంది, ఆనవాయితీ ఉంటే మేనమామలు బుట్టలో పెట్టి మోసుకొస్తారు, పీటల మీద బాసింపట్టు వేసుకుని గంటలకొద్దీ ఉంటుంది, రెండు చేతులూ ఎత్తి తలంబ్రాలు పోస్తుంది, సన్నికల్లు తొక్కుతుంది, కొంగు పెళ్లికొడుకు ఉత్తరీయానికి ముడేసి ఉండగా అగ్నిహోత్రం చుట్టూ నడుస్తుంది. ఇన్ని పనుల్లోనూ చీర ఉన్నచోట ఉండాలి. అందుకే ఇక్కడ చెప్పేదంతా కూర్చునే పెళ్లికూతురి కోసం. నిలబడి ఫొటోలు దిగే రిసెప్షన్‌కి ఇందులో సగం అక్కర్లేదు.

ముందు రోజులు లెక్కేసుకోండి

ముహూర్తం పెట్టుకున్న రోజే వెనక్కి లెక్కపెట్టండి. చీర చేతిలోకి రావాల్సింది 2 నెలల ముందు. జాకెట్టుకి మగ్గం వర్క్ చేయిస్తుంటే 6 వారాల ముందే ఇచ్చేయాలి, ఎందుకంటే వర్క్ అంతా గుడ్డని ఫ్రేముకి బిగించి చేసి, ఆ తర్వాతే కత్తిరించి కుడతారు, మధ్యలో ఎవరి చెయ్యి ఖాళీ లేకపోయినా మొత్తం ఆగిపోతుంది. ఫాల్, పికో, కొంగుకి కుచ్చులు ఇవన్నీ కలిపి ఒక వారం. పెళ్లికి 10 రోజుల ముందు ఇంట్లో ఒకసారి మొత్తం కట్టి చూడాలి, ఇది మాత్రం మానొద్దు. కుచ్చిళ్ళు మడిచి ఇస్త్రీ చేసి పెట్టుకునే పని పెళ్లికి 2 రోజుల ముందు.

శ్రావణంలో పెళ్లైతే ఇంకాస్త జాగ్రత్త. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి షాపులన్నీ డిస్కౌంట్లు పెడతాయి, మనం ఎగబడి కొంటాం, కొన్నవాళ్లందరూ ఒకేసారి టైలర్ల మీద పడతారు. పైగా వరలక్ష్మీ వ్రతం జాకెట్లు ఉండనే ఉంటాయి. చీర మీద మిగిలిన డబ్బు, జాకెట్టు టెన్షన్‌లో పోయే నిద్ర, రెండూ చెల్లుకి చెల్లు.

చీర కొనేటప్పుడు

రంగు, డిజైన్ మీ ఇష్టం, అందులో నేను వేలు పెట్టను. కట్టేదాన్ని కాబట్టి నాకు కావాల్సినవి నాలుగే: బరువు, అంచు వెడల్పు, జరీ మెత్తదనం, మడత నిలవడం.

కౌంటర్ దగ్గర చీరని భుజం మీద వేసి అద్దంలో చూపిస్తారు, అది చాలదు. కొంగు చేతిలోకి తీసుకుని అక్కడే అయిదు మడతలు వేసి పట్టుకుని వదిలి చూడండి. మెల్లగా విచ్చుకుంటే పర్వాలేదు, స్ప్రింగులా ఎగిరి విడిపోతే ఆ చీర పెళ్లిరోజు మీకు చుక్కలు చూపిస్తుంది. తర్వాత తూకం వేయించండి, అడిగితే వేస్తారు. బాగా జరీ ఉన్న చీర కిలోకి అటూ ఇటూగా ఉంటుంది, దానికి తోడు నగలు, పూలజడ, వర్క్ జాకెట్టు. సన్నగా ఉండే అమ్మాయి ఇదంతా ఆరు గంటలు మోయాలి. ఇక పొట్టిగా ఉన్న పిల్లకి జానెడు పైన అంచున్న చీర కొంటే, బాసింపట్టు వేసినప్పుడు ఆ అంచు అట్టముక్కలా లేచి నిలబడుతుంది. కొంచెం చిన్న అంచు ఒద్దికగా కూర్చుంటుంది.

జరీ సంగతి. అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ వెండి తీగ చుట్టి దానిమీద బంగారు పూత పూసింది. కంచి చీరల జరీలో ఆ లోపలి దారం మామూలుగా ఎర్రగా ఉంటుంది, చీర వెనకవైపు వదులుగా ఉన్న పోగుని గోటితో గీకితే తెలుస్తుంది. వెండికి బదులు రాగి తీగ వాడింది టెస్టెడ్ జరీ. మూడోది ప్లాస్టిక్ జరీ, పాలిస్టర్ మీద మెరుగు పూసింది. అయితే ఎర్రదారం చూసి గుడ్డిగా నమ్మకండి, రంగు ఎవరైనా వేయొచ్చు. జరీ ఏ రకమో బిల్లు మీద రాయించుకోండి, పెద్ద షాపుల్లో జరీ పరీక్ష చేసే మిషన్ కూడా ఉంటోంది. కట్టే పనికి ఇవన్నీ ఎందుకంటే, మంచి జరీ మెత్తగా వంగుతుంది, ప్లాస్టిక్ జరీ మడతకి లొంగదు, నడుం దగ్గర, మెడ దగ్గర గీరుకుని దద్దుర్లు కూడా వస్తాయి.

పట్టు అసలుదో కాదో అనుమానం వస్తే సిల్క్ మార్క్ ట్యాగ్ చూడండి. సెంట్రల్ సిల్క్ బోర్డు ఆధ్వర్యంలో 2004 నుంచి ఉంది అది. ఇంట్లో పాత చీరైతే చివర నుంచి రెండు పోగులు లాగి కాల్చి చూడండి: జుట్టు కాలిన వాసన వచ్చి నలిపితే పొడైతే పట్టు, కరిగి గట్టి ఉండ కడితే పాలిస్టర్. అంచు పోగులు, మధ్య పోగులు విడివిడిగా కాల్చండి, ఎందుకంటే రెండూ కలిపి నేసినవి చాలానే తిరుగుతున్నాయి.

ఏ చీర ఎప్పుడు అంటారా, నా లెక్క ఇది. పెళ్లికూతుర్ని చేసే రోజుకి ఉప్పాడ జాందానీ, తేలిక, బుటా వెనక పోగులు వేలాడవు కాబట్టి గాజులకి చిక్కుకోవు. ముహూర్తానికి కంచి లేదా ధర్మవరం. గద్వాల చీర పెళ్లికూతురి అమ్మకి కొనండి, ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, వంటశాలకీ మండపానికీ మధ్య వందసార్లు తిరిగే మనిషికి అంతకంటే సుఖమైంది లేదు. పోచంపల్లి ఇక్కత్ రిసెప్షన్ అయ్యాక వ్రతానికి ఎంత బావుంటుందో.

జాకెట్టు: మూడు పరీక్షలు

చీర ఎంత బాగా కట్టినా జాకెట్టు సరిగ్గా లేకపోతే పైట నిలవదు, ఎందుకంటే పైట బరువంతా వేలాడేది దాని భుజానికే. మా పిన్ని కూతురి పెళ్లికి జాకెట్టు ముందురోజు రాత్రి 9 గంటలకి వచ్చింది. వర్క్ చూస్తే కళ్లు చెదిరాయి, వేసుకుంటే చెయ్యి మోచేతి పైకి ఎక్కలేదు. లోపల మార్జిన్ వదల్లేదు మహానుభావుడు. చంకలో అదే రంగు ముక్క ఒకటి అతికి, పైట కాస్త జరిపి కప్పేశాం. ఫొటోల్లో తెలియదు గానీ ఆ పిల్ల తలంబ్రాలు భుజం కిందనుంచే విసిరింది, పెళ్లికొడుకు వైపు వాళ్లు సిగ్గనుకున్నారు.

ఆది జాకెట్టు ఇస్తే చాలదు, మనిషి వెళ్లి కొలతలు ఇవ్వాలి. పెళ్లి పనుల్లో పిల్ల చిక్కుతుంది, కొందరు టెన్షన్‌కి లావవుతారు, అందుకని రెండు పక్కలా ఒక్కో అంగుళం పైన గుడ్డ లోపల ఉంచమనండి, కాజాలు రెండు వరుసలు కుట్టమనండి. లైనింగ్ నూలు గుడ్డే వేయించండి, ముందు తడిపి ఆరేసి ఇవ్వండి, లేకపోతే మొదటి చెమటకే ముడుచుకుపోతుంది. వంకీ పెట్టుకునే చెయ్యైతే కొలత ఇచ్చేటప్పుడు వంకీ తీసుకెళ్లండి. హుక్కులు ముందుకే పెట్టించండి, తల మీదుగా వేసుకునే జాకెట్టు అయితే పూలజడా మేకప్పూ రెండూ పోతాయి. వెనక మెడ ఎంత లోతైనా మీ ఇష్టం, భుజం పట్టీ మాత్రం రెండు అంగుళాలకి తగ్గించొద్దు, అక్కడ నాకు పిన్నీసులు పెట్టడానికి చోటు కావాలి.

వచ్చాక మూడు పనులు చేయించి చూడండి. ఒకటి, రెండు చేతులూ తలకి పైన ఎత్తడం, అది తలంబ్రాలకి. రెండు, నేల మీద బాసింపట్టు వేసుకుని ముందుకి వంగి పాదాలు తాకడం. మూడు, మెడ వంచి వెనక జడ ఎత్తి పట్టుకోవడం, సూత్రం కట్టేటప్పుడు ఆడపడుచు జడ పైకి ఎత్తుతుంది కదా, అప్పుడు జాకెట్టు వీపు మీద ఎగబాకకూడదు. మూడిట్లో ఏ ఒక్కటి పట్టేసినా అదే రోజు వెనక్కి పంపండి.

చీర లోపల పని

ఫాల్ దాదాపు రెండున్నర మీటర్ల నూలు పట్టీ. దాన్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేసి అప్పుడు కుట్టించండి, లేకపోతే తర్వాత ముడుచుకుని అంచంతా అలలు అలలుగా లేస్తుంది. పట్టుకి చేత్తోనే హెమ్మింగ్ చేయించాలి. మిషన్ కుట్టు జరీ పోగుల్ని తెంపుతుంది, విప్పితే గుర్తులు పోవు. కొంగు కుచ్చులకి పూసలు, గజ్జెలు వేయిస్తే బావుంటాయి, కాకపోతే కొంగుముడి పడేది అక్కడే అని మర్చిపోకండి, పెద్ద పెద్ద పూసలైతే ముడి సరిగ్గా పడదు, పడ్డా జారుతుంది.

లంగా గురించి ఎవరూ పట్టించుకోరు, నిజానికి చీర నిలబడేది దానిమీదే. శాటిన్ వద్దు, షేప్‌వేర్ కూడా పీటల మీద కూర్చోవడానికి వద్దు, మోకాళ్ల దగ్గర పట్టేసి బాసింపట్టు పడదు. మెత్తటి మందపాటి నూలు లంగా, కింద ఘేరు బాగా ఉన్నది, చీర రంగులోనే. సన్నటి తాడు బొందు తీసేసి అంగుళం వెడల్పు టేపు దూర్చండి. కిలో చీర బరువుని సన్నటి బొందు మోస్తే సాయంత్రానికి నడుం చుట్టూ కోసుకుపోయినట్టు గీత పడుతుంది. బొడ్డు మీద కాకుండా కాస్త కిందికి, ఊపిరి పూర్తిగా వదిలి కాకుండా మామూలుగా పీల్చుకుని ఉన్నప్పుడు కట్టుకోమనండి. పొడవు చీలమండ దాకా చాలు.

రెండు రోజుల ముందు మడత

పెళ్లిరోజు చీకట్లో కొత్త పట్టుచీరతో కుస్తీ పట్టకూడదంటే ఈ పని ముందే అయిపోవాలి. ట్రయల్ రోజున అమ్మాయి ఒంటి మీదే కట్టి, కుచ్చిళ్ళు ఎక్కడ మొదలయ్యాయో ఎక్కడ ఆగాయో లోపలివైపు రంగుదారంతో చిన్న గుర్తు కుట్టేసుకోండి. తర్వాత ఆ గుర్తుల ప్రకారం బల్ల మీద మడవొచ్చు.

కొంగు ముందు మడవండి. పెద్ద అంచు పైన నిండుగా కనపడేలా మొదటి మడత, మిగతావి దాని వెనక దాక్కునేలా. నలుగురు పట్టుకుంటే సుఖం, ఇద్దరైనా చాలు. పైన పాత నూలు గుడ్డ పరిచి తక్కువ వేడితో ఇస్త్రీ చేయండి, జరీ మీద పెట్టె నేరుగా పెట్టారో నల్లబడుతుంది, నీళ్లు చల్లినా మరకలు పడతాయి. క్లిప్పులు పెట్టేచోట మధ్యలో చిన్న గుడ్డముక్క పెట్టండి. మడిచిన చీరని పెద్ద పళ్లెంలోనో అట్టపెట్టెలోనో పరిచి ఉంచండి, నిలువుగా వేలాడదీస్తే పొద్దున్నకి దాని బరువుకే మడతలు జారిపోతాయి.

కట్టడం

కావాల్సినవి: పిన్నీసులు చిన్నవి పెద్దవి కలిపి 15, చిన్న ముత్యం పూసలు కొన్ని, సూదీ దారం, చిన్న కత్తెర, టార్చి లైటు. కరెంటు పోతే కల్యాణమండపం వాళ్ల జనరేటర్ మొదలయ్యేలోపు టార్చి ఎంత అవసరమో పడ్డవాళ్లకి తెలుస్తుంది.

కట్టే ముందు బాత్రూంకి వెళ్లి రమ్మనండి. మొహమాటం లేకుండా చెప్తున్నాను, నీళ్లు తాగితే వెళ్లాల్సొస్తుందని గ్లాసుడు మంచినీళ్లు కూడా తాగకుండా మండపంలో కళ్లు తిరిగి పడ్డ పిల్లల్ని చూశాను. మధ్యలో వెళ్లాల్సివస్తే చీర విప్పక్కర్లేదు, కుచ్చిళ్ళు, లంగా మొత్తం కలిపి రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకుంటే సరిపోతుంది, తోడు ఒకళ్లు వెళ్లండి.

1. చెప్పులు వేయకండి. వీడియోల్లో ముందు హీల్స్ వేసుకోమంటారు, అది రిసెప్షన్‌కి. మండపంలో ఉత్తికాళ్లే కాబట్టి ఉత్తికాళ్ల మీద నిలబెట్టి అంచు నేలకి ఒక వేలు ఎత్తులో ఉండేలా కొలుచుకోండి. సన్నికల్లు తొక్కేటప్పుడు, మట్టెలు పెట్టేటప్పుడు పాదం బయటికి రావాలి, నేల మీద జీరాడే చీరైతే ఎవరో ఒకరు కాలివేళ్ల దగ్గర లాగాల్సొస్తుంది.

2. లోపలి చెంగు బొడ్డుకి కుడిపక్క దోపి, ముందునుంచి ఎడమకి, వెనకనుంచి తిప్పి మళ్లీ కుడిపక్కకి తీసుకురండి. ఇదే మొదటి చుట్టు. కొత్తవాళ్లు దీన్ని బిగించి కట్టేస్తారు, తప్పంతా ఇక్కడే. మోకాళ్ల దగ్గర పిడికిలి దూరేంత వదులు ఉండాలి. లేదంటే బాసింపట్టు వేయగానే నడుం దగ్గర దోపినదంతా బయటికి వచ్చేస్తుంది.

3. ముందే మడిచిన కొంగు ఎడమభుజం మీద వేసి వెనక పిక్కల దాకా వచ్చేలా వదలండి. మామూలు చీరకంటే ఒక జానెడు ఎక్కువ. కొంగుముడికి ఆ పొడవు కావాలి. ప్రస్తుతానికి భుజం దగ్గర క్లిప్పు మాత్రమే పెట్టండి.

4. మిగిలిన గుడ్డతో కుచ్చిళ్ళు. అయిదు నుంచి ఏడు, వెడల్పు మీ బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య పట్టినంత. విచ్చుకునే వైపు ఎడమకి ఉండేలా సర్దండి. దోపే ముందు పై అంచున పెద్ద పిన్నీసు పెట్టి, ఆ పిన్నీసుతో సహా లంగా లోపలికి తోయండి. మందపాటి చీరైతే మొత్తం గుత్తిగా తోస్తే పొట్ట ముందుకి కనపడుతుంది, అప్పుడు పైన రెండంగుళాలు విసనకర్రలా కాస్త పరిచి దోపండి.

5. ఇక్కడ ఆగండి. ఇంకో పిన్నీసు పెట్టకండి. చాప మీద అమ్మాయిని కూర్చోబెట్టండి, బాసింపట్టు వేయించండి, ముందుకి వంగమనండి, లేపండి. ఇంకోసారి. ఎక్కడ లాగిందో, ఎక్కడ ఉబ్బిందో, నడుం మడత ఎక్కడ పడిందో ఇప్పుడు కనపడుతుంది, అక్కడ సర్దండి. నిలబెట్టి కట్టాలి, కూర్చోబెట్టి పిన్నీసు పెట్టాలి. నేను కట్టడం మొదలుపెట్టిన నాలుగైదేళ్లు ఇది తెలియక నిలబెట్టే అన్నీ పెట్టేసేదాన్ని, గౌరీపూజ దగ్గరే టప్ మని ఒకటి ఊడేది, పెళ్లంతా నేను మండపం కింద సూదీదారంతో కాపలా.

6. ఇప్పుడు పిన్నీసులు. ప్రతి పిన్నీసుకీ ముందు ఒక ముత్యంపూస ఎక్కించి అప్పుడు గుచ్చండి, చుట్ట ఉన్నచోట పట్టు ఇరుక్కుని చిరగకుండా ఆ పూస అడ్డుపడుతుంది. జరీ మీద గుచ్చొద్దు, లోపలి మడతల్లో పట్టు ఉన్నచోట గుచ్చండి. భుజం మీద రెండు, లైనింగ్‌తో కలిపి. భుజం వెనక నాలుగంగుళాల కింద వీపు మీద ఇంకొకటి. ఈ మూడోదే అసలైంది. కొంగుముడి వేశాక అబ్బాయి రెండడుగులు తొందరపడి వేశాడనుకోండి, లాగుడంతా ఆ వెనక పిన్నీసు మీద పడి ఆగుతుంది, ముందు పైట కదలదు. అది లేకపోతే ఛాతీ మీద మడతలన్నీ భుజం మీదికి వెళ్లిపోతాయి. కొన్ని ఇళ్లల్లో కొంగు బదులు విడిగా కండువా వేసి దానికి ముడేస్తారు, మీ ఇంట్లో ఏదో ముందే అడిగి పెట్టుకోండి.

7. కుడివైపు నడుం దగ్గర పైట అంచు ఒకటి, కుచ్చిళ్ళ పక్కన ఒకటి. మోకాళ్ల ఎత్తులో కుచ్చిళ్ళన్నీ కలిపి లోపలనుంచి ఒకటి పెట్టేవాళ్లున్నారు, నేను పెట్టను, కూర్చుంటే అదే చీరని చింపుతుంది.

8. వడ్డాణం చివర్న. హుక్కుల కింద చిన్న పట్టీ గుడ్డ పెట్టి, ఒక కొక్కెం వదులుగా తగిలించండి, కూర్చున్నప్పుడు పక్కటెముకల్లోకి గుచ్చుకోకుండా.

మొత్తం ఎన్ని పిన్నీసులు పెట్టారో లెక్కపెట్టి ఫోన్‌లో రాసుకోండి. ఎందుకో తర్వాత చెప్తాను.

అమ్మాయికి నేర్పాల్సింది ఒక్కటే. కూర్చునే ముందు కుచ్చిళ్ళని మధ్యలో ఒక చేత్తో పట్టుకుని కొంచెం ఎత్తి ముందుకి వేసుకుని కూర్చోవాలి, లేచేటప్పుడూ అంతే. తోడు పెళ్లికూతురికి కూడా ఒక పని అప్పగించండి, హోమం దగ్గర కొంగు చివర ఎక్కడుందో చూస్తూ ఉండటం. పట్టు అంత తొందరగా అంటుకోదు గానీ, తలమీద వేసే నెట్ మేలిముసుగులు పాలిస్టర్‌వి అయితే నిప్పురవ్వ పడగానే కరిగి ఒంటికి అంటుకుంటాయి. అలాంటివి హోమానికి ముందు తీసేయండి.

మధుపర్కాలు మార్చేటప్పుడు

మధుపర్కాలు కట్టే ఆనవాయితీ ఉన్న ఇళ్లల్లో పెళ్లి మధ్యలో ఈ పట్టుచీర విప్పి తెల్ల నూలుచీర కట్టాలి. ఎప్పుడు మార్చాలో ఇంటికొక పద్ధతి ఉంటుంది కాబట్టి పురోహితుణ్ణి ముందురోజే అడగండి, మీకు ఎన్ని నిమిషాలు ఇస్తారో కూడా అడగండి. మామూలుగా పది, పదిహేను నిమిషాలు. బయట బాజాలు ఆగిపోయి అందరూ గది తలుపు వైపే చూస్తుంటారు, చేతులు వణుకుతాయి.

కొత్త మధుపర్కం గంజితో అట్టలా ఉంటుంది. పసుపునీళ్లలో తడిపే అలవాటుంటే ఆ తడుపులో గంజి కొంత పోతుంది, లేకపోతే ముందే ఒకసారి ఉత్తనీళ్లలో జాడించి ఆరేయండి. దీనికీ కొంగు మడిచి ఇస్త్రీ చేసి పెట్టుకోవాలి. తెల్లచీర పల్చన, కింద ఎర్ర లంగా ఉంటే కొట్టొచ్చినట్టు కనపడుతుంది, అందుకని దీనికి తెల్ల లంగానే కావాలి. అలాగని ముందే రెండు లంగాలు కట్టించకండి, ఉక్కపోతకి చచ్చిపోతుంది. తెల్ల లంగా పక్కన పెట్టుకుని మార్చేయండి, నిమిషం పని. జాకెట్టు రెండిటికీ నప్పేది కుట్టిస్తే ఇంకా హాయి. వడ్డాణం ఒక్కటే తీయండి, మెడలో నగలు కదపకండి. విప్పిన పట్టుచీరని మంచం మీద పరిచి పైన గుడ్డ కప్పి, గదికి తాళం వేసి, తాళంచెవి మీ కొంగుకి కట్టుకోండి.

కొంగుముడి ఈ చీరకి పడుతుందా ముందు చీరకి పడుతుందా చూసుకుని వెనక పిన్నీసు దానికి తప్పకుండా పెట్టండి.

పెళ్లయ్యాక చీర సంగతి

అప్పగింతల హడావుడిలో చీరని ఉండచుట్టి సూట్‌కేసులో కుక్కేస్తారు. చెమట తడితోనే. పట్టునీ జరీనీ తినేసేది ఆ చెమటే. ఎవరో ఒకరు బాధ్యత తీసుకుని ఆ రాత్రే నీడలో ఫ్యాను గాలికి ఆరేయండి. తలంబ్రాల బియ్యం మడతల్లో, ఫాల్ సందుల్లో ఉండిపోతాయి, దులపండి, లేకపోతే పురుగులొస్తాయి.

పసుపు మరక పడితే కంగారుపడి సబ్బు రాయొద్దు. సబ్బు తగిలితే పసుపు ఎర్రగా మారుతుంది, చూసి గుండె ఆగినంత పనవుతుంది. నూలు మధుపర్కం అయితే ఫర్వాలేదు, ఉతికి ఎండలో వేస్తే పసుపు వెలిసిపోతుంది. పట్టుని ఎండలో వేస్తే పసుపుతో పాటు చీర రంగు కూడా వెలుస్తుంది కాబట్టి అది డ్రైక్లీనింగ్‌కే, మరక ఎక్కడుందో, అది పసుపో నెయ్యో చెప్పి మరీ ఇవ్వండి.

దాచేటప్పుడు ప్లాస్టిక్ కవరు వద్దు, షాపువాళ్లు ఇచ్చిన పెట్టె కూడా వద్దు. ఉతికిన పాత పంచె ముక్కో మల్లు గుడ్డో చాలు, అందులో చుట్టండి. జరీ లోపలికి వచ్చేలా మడవండి. నాఫ్తలీన్ గోళీలు జరీకి తగిలితే నల్లబడుతుంది, బదులుగా ఎండిన వేపాకో లవంగాలో చిన్న మూటకట్టి బీరువా మూలన పెట్టండి. మూడు నాలుగు నెలలకోసారి తీసి మడత మార్చండి, ఒకే మడత ఏళ్లతరబడి ఉంటే పట్టు ఆ గీత వెంబడే పగులుతుంది. శ్రావణ శుక్రవారానికో సంక్రాంతికో కట్టేస్తే మడత మార్చే పని కూడా తప్పుతుంది.

ఇక పిన్నీసుల లెక్క. చీర విప్పాక పెట్టినవి ఎన్నో తీసినవి ఎన్నో సరిచూడండి. మా అమ్మ పెళ్లిచీర మామిడిపండు రంగు కంచిపట్టు, నాకు కట్టాలని ఎంతో ఆశగా తీశాం. కుచ్చిళ్ళ లోపల ఒక పిన్నీసు అలాగే ఉండిపోయింది, తుప్పు పట్టి నాలుగు మడతల్లోకి దిగి, విప్పితే వరసగా నాలుగు గోధుమరంగు చిల్లులు. ఆ భాగం లోపలి చుట్టులోకి వెళ్లేలా తిప్పి కట్టుకున్నాను, ఎవరికీ తెలియలేదు. 11 పెడితే 11 తీయండి, పదకొండోది దొరక్కపోతే దొరికేదాకా చీర మడవకండి.